మార్కరు ఉన్నా తాలు గింజలెందుకు?

ప్రశ్న: మాది కోవూరు. ఎన్‌ఎల్‌ఆర్ 34449 వరి రకాన్ని హైబ్రిడ్ వరికి మగ లైనుగా మార్చాలని ఆర్‌ఎం6100 అనే డీఎన్ఏ మార్కరుతో మొక్కలు ఏరాం. అయినా కొన్ని సంకరాల్లో తాలే ఎక్కువ. ఎందుకు?

జవాబు: ఆర్‌ఎం6100 అనేది ఆర్‌ఎఫ్4 (సంకరంలో పుప్పొడిని మళ్లీ పనిచేయించి గింజ కట్టించే) జన్యువు పక్కనుండే గుర్తే, జన్యువు కాదు, తరం మారేటప్పుడు రెండూ విడిపోవచ్చు. జన్యువు ఆధారంగా చేసిన డీఆర్‌సీజీ-ఆర్‌ఎఫ్4-14 మార్కరుతో మళ్లీ చూడండి. 10వ క్రోమోజోము మీది ఆర్‌ఎఫ్4దే పెద్ద పాత్ర. 1వ క్రోమోజోము మీది ఆర్‌ఎఫ్3 తోడైతే గింజ ఇంకా బాగా నిండుతుంది. రెండో తరంలో ఈ రెండు జన్యువులూ రెండేసి ప్రతులుగా ఉన్న మొక్క 16లో ఒకటే, కనుక 100కు తగ్గకుండా పరీక్షించండి. జన్యువు ఒక్క ప్రతే ఉన్న మొక్కను మగ లైనుగా వాడితే సంకర మొక్కల్లో సగం దాకా తాలే.

మార్కరుతోనే ఆగొద్దు. 'ఏ' లైనుతో (పుప్పొడి పనిచేయని ఆడ లైను) సంకరం చేసి, ఆ సంకరపు వెన్నులకు పూతకు ముందే సంచి తొడగండి. 75 శాతం పైగా గింజ కట్టినవే ఉంచండి. 1 శాతం అయోడిన్ ద్రావణంలో నల్లబడిన పుప్పొడే మంచిది.