ఆవిరి వదిలే ముందు

కోడలు పిల్లకు, మీ మామ రాసేది.

హాస్టళ్ల పాత బాయిలరు, ఆవిరి లైన్లు పీకి కొత్తవి వేసే పని నీ చేతికొచ్చిందని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. సంతోషం పట్టలేక బజారుకు పోయి మైసూర్‌పాక్ తెచ్చినా. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. ఇరవై ఆరేండ్లు ఆ పైపుల కిందే తిరిగినోణ్ణి కదా.

పని వేసవి సెలవుల్లో పెట్టుకో. బాయిలర్ల ఇన్‌స్పెక్టరు చూసి సరే అనేదాకా నిప్పు ముట్టించొద్దు. మన అనంతపురం బోరు నీళ్లకు ఇంట్లో చెంబే తెల్లగా గార కడుతుంది, ట్యూబులు కట్టవా? నీళ్లలో ఆ గార కట్టేది తీసేసే సాఫ్ట్‌నర్ దగ్గర బేరమాడొద్దు. పాత పైపులకు చుట్టిన తెల్ల పూత ఆస్‌బెస్టాస్, ఊపిరితిత్తులు పాడుచేసే రాతినార, అయ్యుండొచ్చు, పరీక్ష చేయించేదాకా కూలోళ్లను చెయ్యి పెట్టనీయకు. మేము ముక్కుకు తువ్వాల కట్టుకోని రంపంతో కోసినాం. మా తెలివి అంతే.

ఇంక అసలు సంగతి. మీ అత్తకు కూడా సగమే చెప్పినా.

1994 డిసెంబరు. ఆ పొద్దు బాయిలరు ఆలస్యంగా లేచింది. ఇడ్లీ పిండి తట్టల్లో పోసుకోని మెస్సువాళ్లు అరుస్తున్నారు. రాత్రంతా చల్లబడిన లైన్లో ఆవిరి నీళ్లయి నిలబడి ఉంటుంది. ముందు డ్రెయిన్ వాల్వు తెరిచి ఆ నీళ్లు వదలాల, తర్వాత మెయిన్ వాల్వు కాలు చుట్టు తిప్పి, పైపు వేడెక్కేదాకా ఆగాల. రోజూ చేసే పనే. ఆ పొద్దు చక్రం గిర్రున తిప్పేసినా. లోపల ఎవరో సమ్మెటతో కొట్టినట్టు మూడు దెబ్బలు. ఆవిరి తోసుకొచ్చిన నీళ్లు వంపు కాడ పైపులు రెండూ బోల్టులతో కలిపే ఫ్లాంజిని గుద్దినాయి, దాని మధ్యన కారకుండా పెట్టిన గాస్కెట్టు చీలిపోయింది. దాని కిందే నా హెల్పరు, బుక్కరాయసముద్రం పిల్లోడు, నిచ్చెన పట్టుకోని ఉన్నాడు. చొక్కా చెయ్యి తీస్తే చర్మం దాంతోనే వచ్చింది. ఆసుపత్రికి పోతూ ఆటోలో వాడు అడిగిన మాట, “అన్నా, ఇడ్లీలు ఐనాయా?”

గాస్కెట్టు పాతదని రిపోర్టు రాసినారు. నేను అవునన్నా. ఆ సగమే మీ అత్తకు తెలీదు.

కాబట్టి పైపు వాలు ఆవిరి పోయే దిక్కుకే ఉండాల. ముప్పై నలభై మీటర్లకొక డ్రెయిన్ పాకెట్టు, అంటే నీళ్లు దిగే గుంట, దానికొక ట్రాపు, అంటే ఆవిరిని ఆపి నీళ్లనే బయటికి వదిలే వాల్వు. “రెండు తగ్గిద్దాం మేడమ్” అంటాడు కాంట్రాక్టరు. నవ్వుతానే కుదరదను. వంద మీటర్ల ఉక్కు పైపు 100 డిగ్రీలు వేడెక్కితే 12 సెంటీమీటర్లు సాగుతుంది, ఆ సాగుడు ఓర్చుకునేటట్టు పైపు వంచి పెట్టే లూపులకు చోటు ఇడువు. ఒత్తిడితో కారే ఆవిరి, కారే చోట కంటికే కనపడదు. తెల్లగా కనపడేది అప్పటికే చల్లబడిన తుంపర. లీకు చేత్తో వెదికేవు, ఖబడ్దార్! పొడుగు పొరకకట్ట అడ్డం పెట్టి చూడు.

తిట్టినట్టుందా? ఐదేండ్లప్పుడు ఆ బాయిలరు రూము గోడ మీదే బొగ్గుతో రైలు గీసినావు. రిటైరయ్యేదాకా దాని మీద సున్నం కొట్టనీయలేదు నేను.

మొదటిసారి ఆవిరి వదిలే రోజు కబురు చెయ్యి. వాల్వు ముట్టను. స్క్రూడ్రైవరు మొన ట్రాపు మీద పెట్టి, పిడికి చెవి ఆనించి వింటా, అంతే. స్క్రూడ్రైవరు నాదే తెచ్చుకుంటాలే.

మీ మామ