తుఫానులో తాహో వెళ్ళొచ్చా?

"శనివారం తాహో సరస్సుకి అనుకున్నాం. మంచు తుఫాను హెచ్చరిక వచ్చింది. మాది ఫోర్ వీల్ డ్రైవే కదా, వెళ్ళొచ్చా అన్నా?" కాలిఫోర్నియాలో ఫ్రీమాంట్‌కి కొత్తగా వచ్చిన తమ్ముడు అడిగాడు.

వద్దు తమ్ముడూ. ఫోర్ వీల్ డ్రైవ్ బండిని కదిలిస్తుంది, అంతే. ఐసు మీద ఆగాలంటే టైర్లకు పట్టుండాలి. ముందు ఒక లారీ అడ్డం తిరిగిందా, ఎవరి బండైనా ఒకటే.

తాహో ఉన్న సియెరా నెవాడా కొండల తుఫాను మన వానలా కురిసి వెలిసిపోదు. పసిఫిక్ తేమగాలి కొండెక్కుతూ చల్లబడి, మోసుకొచ్చిందంతా అక్కడే దించేస్తుంది. 2024 మార్చి మొదట్లో అటు వెళ్ళే 80వ నంబరు హైవేని కోల్‌ఫ్యాక్స్ నుంచి నెవాడా సరిహద్దు దాకా శుక్రవారం మూసి సోమవారం తెరిచారు. ఆ మంచు దూదిపింజ కాదు, తడి బరువు. అక్కడివాళ్ళు 'సియెరా సిమెంట్' అంటారు. ఒక్కసారి పారతో ఎత్తితే ఆ పేరెందుకొచ్చిందో నడుమే చెబుతుంది.

నా మొదటి ఏడాది సంగతి చెప్తా. రోడ్డు పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, వేళ్ళు కొంకర్లు పోతుంటే, ముప్పావుగంట తంటాలు పడి, మంచులో జారకుండా టైర్లకు చుట్టే చైన్లు బిగించాను. వెనక చక్రాలకి! బండేమో ఫ్రంట్ వీల్ డ్రైవ్. చైన్లు తొడిగిపెట్టే మనిషి ఒకాయన చూసి నవ్వాపుకుంటూ మార్చిపెట్టాడు. ఆయన తీసుకున్న డబ్బు పాఠం ఫీజనుకున్నా. మా ఆవిడ కట్టిన పులిహోర అప్పటికే గులకరాళ్ళైంది.

చైన్లు వేసుకోవాలని రోడ్డు మీద 'ఆర్-2' బోర్డు పెడితే ఫోర్ వీల్ డ్రైవ్‌కి నాలుగూ స్నో టైర్లైతేనే మినహాయింపు. అయినా చైన్లు బండిలో ఉండాల్సిందే. 'ఆర్-3' అంటే ఎవరికీ మినహాయింపు లేదు. బయల్దేరేముందు కాలిఫోర్నియా రోడ్ల శాఖ కాల్‌ట్రాన్స్ వాళ్ళ క్విక్‌మ్యాప్‌లో రోడ్లెలా ఉన్నాయో చూడు. హైవే మూశారని ఫోను ఏదో అడవిదారి చూపిస్తే మాత్రం నమ్మకు. అక్కడ మంచు తీసేవాడే రాడు.

దారిలో ఇరుక్కుంటే బండి దిగి నడవొద్దు. హీటర్ కోసం ఇంజిన్ వేసే ప్రతిసారీ ముందు సైలెన్సర్ గొట్టం దగ్గర మంచు తవ్వు. అది మూసుకుపోతే విషవాయువు లోపలికొస్తుంది, వాసన కూడా తెలియదు. పిల్లలున్న బండి, ఇది మాత్రం మర్చిపోకు.

హోటల్‌కి ఇవాళే ఫోన్ చేసి తేదీ మార్చుకో. తుఫాను వెళ్ళాక రెండ్రోజులాగి వెళ్తే ఎండా ఉంటుంది, మంచూ ఉంటుంది. ఈ శనివారం మీ అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లోనే గ్లవ్స్ వేసుకుని చైన్లు ఒకసారి తొడిగి చూడు. ఏ చక్రాలకో ముందు మాన్యువల్లో చూసుకో.