జవాబు రాకపోతే ఏం చేయాలో రాయలేదేం?

తమ్ముడూ,

ఒక ప్రోగ్రామ్ పంపిన మెసేజ్‌లని క్యూలో దాచి ఇంకో ప్రోగ్రామ్‌కి అందించే సర్వర్‌ని, అదే బ్రోకర్‌ని, దూరం నుంచి నడిపించడం మీద నువ్వు రాసిన వ్యాసం అందింది. "మన ప్రోగ్రామ్‌లోని ఆబ్జెక్ట్ మీద మెథడ్ పిలిచినంత తేలిగ్గా, ఎక్కడో ఉన్న బ్రోకర్‌లోని క్యూని నడిపించవచ్చు" అని మూడో పేరాలో రాశావు. చదువుతూ చదువుతూ అక్కడే ఆగిపోయాను. నీ వ్యాసమంతా ఆ ఒక్క వాక్యం మీదే నిలబడింది, అందుకే ఈ ఉత్తరం కూడా దాని గురించే. నీ భాష బాగుంది, తడబాటు లేదు. ఆ సంగతి మళ్లీ ఎత్తను.

నీ ఉదాహరణే తీసుకుందాం. జావా ప్రోగ్రామ్‌లని బయటినుంచి చూసి నడిపించే జేఎంఎక్స్ ద్వారా యాక్టివ్‌ఎంక్యూ బ్రోకర్‌కి కనెక్ట్ అయ్యావు. ఆర్డర్ల క్యూకి ఉన్న ఎంబీన్‌కి, అంటే జేఎంఎక్స్‌లో ఆ క్యూని నడిపించే ఆబ్జెక్ట్‌కి, మన వైపు ప్రతినిధిగా ప్రాక్సీ తీసుకున్నావు. తర్వాత ఒక్క లైన్లో పర్జ్, అంటే క్యూని ఖాళీ చేసే మెథడ్, పిలిచావు. దాని కింద ఎక్సెప్షన్ పట్టుకుని, "ఫెయిలైంది, మళ్లీ ప్రయత్నిస్తున్నాం" అని లాగ్ రాసి, కొత్త కనెక్షన్ తెరిచి మూడుసార్లు తిరిగే లూప్ పెట్టావు. చూడటానికి ముచ్చటగానే ఉంది.

ఇప్పుడు ఆ క్యూలో లక్ష పాత మెసేజ్‌లు పేరుకున్నాయనుకో. బ్రోకర్ వాటిని తుడుస్తోంది, దానికి టైం పడుతుంది. ఈలోగా కనెక్షన్ తెగింది. నీ లాగ్ "ఫెయిలైంది" అంటోంది. ఏం ఫెయిలైంది? పిలుపు బ్రోకర్‌కి అందింది, అక్కడ పని సాగుతూనే ఉంది, జవాబొక్కటే నీదాకా రాలేదు. బావిలో రాయి వేసి, చప్పుడు వినపడలేదు కాబట్టి రాయి పడలేదనుకోవడం ఇది. ఆ మధ్యలో మెసేజ్‌లు పంపే ప్రొడ్యూసర్లు ఊరుకోరు కదా, కొత్త ఆర్డర్లు అదే క్యూలోకి వచ్చి పడుతుంటాయి. నీ లూప్ రెండోసారి పర్జ్ పిలుస్తుంది. ఈసారి తుడిచిపెట్టుకుపోయేవి పాత చెత్త కాదు, ఎవరో ఇప్పుడే పంపిన ఆర్డర్లు. పైగా ఈసారి జవాబు చక్కగా వస్తుంది, లాగ్‌లో "విజయవంతం" అని పడుతుంది. ఏం పోయిందో వెతకడానికి ఆధారం కూడా మిగలదు.

దూరాన ఉన్నదాన్ని పిలిచినప్పుడు జరగడం, జరగకపోవడం అనే రెండే ఉండవు. జరిగిందో లేదో తెలియకపోవడం అనే మూడోది కూడా ఉంటుంది. ఆ మూడోదాన్ని వదిలేసిన వ్యాసాన్ని నేను ఒప్పుకోను, ఎంత బాగా రాసినా సరే. ఇదేమీ నేను కనిపెట్టింది కాదు. జిరాక్స్ పరిశోధన కేంద్రంలో వేరే మెషీన్‌లోని ప్రొసీజర్‌ని పిలిచే రిమోట్ ప్రొసీజర్ కాల్‌ని నిజంగా కట్టి నడిపించిన ఆండ్రూ బిరెల్, బ్రూస్ నెల్సన్ 1984లోనే స్పష్టంగా చెప్పారు: కాల్ తిరిగొస్తే పని సరిగ్గా ఒక్కసారే జరిగినట్టు, ఎక్సెప్షన్ వస్తే ఒకసారి జరిగి ఉండొచ్చు, అసలు జరగకపోయీ ఉండొచ్చు, ఆ రెండిట్లో ఏదో పిలిచినవాడికి చెప్పం అని. కట్టినవాళ్లే దాచుకోని సంగతిని రాసేవాళ్లం మనమెందుకు దాచాలి?

ఎందుకు దాస్తామో నాకు తెలుసు. రాయడం మొదలుపెట్టిన రోజుల్లో ఇదే విషయం మీద ఒక పత్రికకి వ్యాసం పంపాను. జవాబు రాకపోతే ఏం చేయాలన్నది అందులో ఒక పెద్ద పేరా. అచ్చయి వచ్చాక చూస్తే ఆ పేరా లేదు. అడిగితే, "పాఠకుడు బెదిరిపోతాడండీ, కోడ్ పనిచేస్తోంది కదా, చాలు" అన్నాడు ఎడిటర్. కొన్నాళ్లకి ఒక పాఠకుడి నుంచి ఉత్తరం వచ్చింది. నా వ్యాసంలోని స్క్రిప్ట్‌ని రాత్రిపూట దానంతటదే నడిచేలా పెట్టుకున్నాడట, ఒక రాత్రి కనెక్షన్ తెగి అది రెండోసారి నడిచిందట. తర్వాత ఏమైందో నీకు చెప్పక్కర్లేదు. ఆ ఉత్తరాన్ని అలాగే ఎడిటర్‌కి పంపాను. ఉలుకూ పలుకూ లేదు. ఆ కోపం ఇంకా తగ్గలేదు, తగ్గాలని కూడా నాకు లేదు. ఇప్పుడు "ఐదు నిమిషాల్లో నేర్చుకోండి" అనే శీర్షికలు చూసినప్పుడల్లా ఆ పేరాయే గుర్తొస్తుంది. ఆ ఐదు నిమిషాల్లో ఇమడదని అందరూ మొదట కోసేసేది దాన్నే.

మరి ఎలా రాయాలంటావా? మొదటి ఉదాహరణగా పర్జ్ పెట్టకు. మూవ్‌మ్యాచింగ్‌మెసేజెస్‌టు పెట్టు. దానికి సెలెక్టర్, అంటే ఏ మెసేజ్‌లు కావాలో చెప్పే షరతు, ఇవ్వొచ్చు. పని మొదలుపెట్టే ముందే ఒక సమయం ఖాయం చేసుకుని, మెసేజ్ పంపిన సమయం చెప్పే జేఎంఎస్‌టైమ్‌స్టాంప్ అంతకంటే తక్కువ ఉన్న మెసేజ్‌లని మాత్రమే పక్క క్యూలోకి తరలించమను. ఇక మధ్యలో తెగినా, అదే సెలెక్టర్‌తో నువ్వు ఎన్నిసార్లు పిలిచినా, కొత్తవాటి జోలికి పోదు. ఎన్ని కదిలాయో అంకె కూడా తిరిగొస్తుంది. పొరపాటున కదిలినవి పక్క క్యూలో భద్రంగానే ఉంటాయి. ఒక్క జాగ్రత్త: ఆ టైమ్‌స్టాంప్ మామూలుగా పంపేవాడి మెషీన్ గడియారం వేసేది. గడియారాలు తేడాగా ఉంటే ఎలాగో ఒక వాక్యమైనా రాయి.

ఇంకో బ్రోకరైన రాబిట్‌ఎంక్యూ గురించి రెండు లైన్లలో తేల్చేశావు. అక్కడ పర్జ్ చేస్తే మెసేజ్‌లు అందుకునే కన్స్యూమర్ చేతికి వెళ్లి, అందిందని ఇంకా అక్‌నాలెడ్జ్ కాని మెసేజ్‌లు పోవు, ఆ కన్స్యూమర్ పడిపోతే అవి తిరిగి క్యూలోకి వస్తాయి. ఖాళీ చేశాననుకున్న క్యూ మళ్లీ నిండిందేమిటని పాఠకుడు తల పట్టుకుంటాడు. ఆర్టెమిస్ అనే బ్రోకర్‌లో ఇంకో చిక్కు: రిమూవ్‌మెసేజెస్‌కి ఖాళీ ఫిల్టర్ ఇస్తే "ఏదీ వద్దు" అని కాదు, "అన్నీ తీసెయ్" అని అర్థం. ఫిల్టర్ వేరియబుల్ నింపడం మరచిన రోజున ఏమవుతుందో చూపించు. ఇలాంటివి రాయడానికే నీలాంటివాళ్లు కావాలి. మెథడ్ల జాబితా డాక్యుమెంటేషన్‌లో ఎలాగూ ఉంది.

అన్నట్టు, ఉదాహరణలో అడ్మిన్, అడ్మిన్ అనే యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ అలాగే వదిలేశావు. తీసెయ్. చదివినవాళ్లు దాన్ని ఉన్నదున్నట్టు ఎత్తుకుపోతారు.

ఫైర్‌వాల్ గురించీ, ఏ పత్రికకి పంపాలన్నదాని గురించీ అడిగావు. ఆ సంగతులు ఇంకోసారి.

వ్యాసం తిరగరాసే ముందు నీ మెషీన్‌లోనే ఒక బ్రోకర్‌ని నడుపు. క్యూ నిండా మెసేజ్‌లు పోసి, ఒక పక్క ప్రొడ్యూసర్‌ని ఆపకుండా నడుపుతూ పర్జ్ పిలువు. అది నడుస్తుండగా కనెక్షన్ తెంపు. అప్పుడు నీ స్క్రీన్ మీద ఏం పడిందో, బ్రోకర్‌లో క్యూసైజ్ ఎంత చూపించిందో, రెండూ పక్కపక్కన వ్యాసంలో పెట్టి నాకు పంపు. ఎడిటర్ ఆ భాగం తీసేస్తానంటే ఒప్పుకోకు. మరీ పట్టుబడితే నాకు రాయి, నేను మాట్లాడతాను.

ఉంటాను.