విల్ గార్డ్‌నర్‌ని చంపడం సరైన పనే

“అమెరికన్ లాయర్ల సీరియల్ ‘ది గుడ్ వైఫ్’ ఐదో సీజన్ మధ్యలో విల్ గార్డ్‌నర్‌ని అంత అన్యాయంగా చంపేశారేంటి? కథకి అది అవసరమా? ఇక మిగతాది చూడాలా, మానేయాలా?” అని అడిగారు.

అవసరమే. మానొద్దు, చూడండి. ఆ వెంటనే వచ్చే పదహారో ఎపిసోడ్ మాత్రం అస్సలు వదలొద్దు. నేను జిల్లా కోర్టులో ప్రాక్టీసు చేస్తాను. లాయర్ల సీరియళ్లు ఏ భాషలో వచ్చినా చూస్తాను. మా వృత్తిలో ఒక మనిషి హఠాత్తుగా పోతే మర్నాడు ఎలా తెల్లారుతుందో ఉన్నదున్నట్టు చూపించింది అదొక్కటే.

కథ తెలియనివాళ్లకి నాలుగు ముక్కలు. షికాగోలో పెద్ద ప్రాసిక్యూటరైన భర్త కుంభకోణంలో ఇరుక్కుని జైలుకి వెళ్తాడు. ఏళ్ల తరబడి ఇంటిపట్టునే ఉన్న అలీషియా ఇద్దరు పిల్లల కోసం మళ్లీ కోర్టు మెట్లెక్కుతుంది. ఆమెకి ఉద్యోగం ఇచ్చినవాడు చదువుకునే రోజుల స్నేహితుడు విల్. ఇద్దరికీ ఒకరంటే ఒకరికి ప్రేమే, కానీ ఎప్పుడూ వేళ కుదరదు. ఐదో సీజన్ ఐదో ఎపిసోడ్‌లో, ఆమె క్లయింట్లని వెంటబెట్టుకుని వేరే సంస్థ పెట్టబోతోందని అతనికి తెలుస్తుంది. నేరుగా ఆమె గదిలోకి వచ్చి, బల్ల మీదున్నవన్నీ ఒక్క చేత్తో కిందకి తోసేస్తాడు. అక్కణ్ణుంచి ఎదురెదురు పక్షాలు. కోపం కాస్త చల్లారి మళ్లీ మాటలు కలుస్తున్నాయి అనుకునేసరికి, 2014 మార్చి 23న వచ్చిన ఎపిసోడ్‌లో, విల్ ఎవరి తరఫున వాదిస్తున్నాడో ఆ కుర్రాడే కోర్టు హాల్లో కాపలా ఉన్న డెప్యూటీ తుపాకి లాక్కుని కాల్చేస్తాడు. విల్ పోతాడు.

కోర్టులో అలా జరుగుతుందా, సినిమా కాకపోతే అని చాలామంది అంటారు. జరుగుతుంది. 2005లో అట్లాంటాలో, ఫుల్టన్ కౌంటీ కోర్టుకి విచారణకి తెచ్చిన నిందితుడు కాపలా ఆఫీసరు తుపాకి తీసుకుని జడ్జినే చంపాడు. అంత దూరం ఎందుకు, 2021 సెప్టెంబరులో ఢిల్లీ రోహిణి కోర్టులో లాయర్ల వేషంలో వచ్చినవాళ్లు కోర్టు హాల్లోనే ఒక గ్యాంగ్‌స్టర్‌ని కాల్చి చంపారు. మా దగ్గర గేటులో పెట్టిన మెటల్ డిటెక్టరు వచ్చేపోయే ప్రతివాళ్లకీ కుయ్యిమంటుంది, కుర్చీలో కూర్చున్నాయన తలెత్తి చూడడు. దీని గురించి బార్ అసోసియేషన్‌లో ఎన్నిసార్లు చెప్పినా పట్టించుకునేవాళ్లు లేరు.

ఇంకో వాదన: నటుడు వెళ్లిపోతానన్నాడు కాబట్టి చంపారు తప్ప కథ కోసం కాదని. విల్‌గా వేసిన జోష్ చార్ల్స్ వెళ్లిపోదామనుకున్నది నిజమే. అలీషియాగా వేసిన జూలియానా మార్గులీస్ నచ్చజెప్పబట్టి ఐదో సీజన్‌లో కొన్ని ఎపిసోడ్లకి ఉన్నాడు. ఎపిసోడ్ ప్రసారమయ్యాక సృష్టికర్తలు రాబర్ట్ కింగ్, మిషెల్ కింగ్ దంపతులు అభిమానులకి ఉత్తరం రాశారు. వేరే ఊరికి పంపేయడం, లైసెన్సు పోయిందనడం లాంటి దారులున్నా, వేళ కుదరని ఆ ఇద్దరి కథకి మరణమే సరైనదనిపించిందని అందులో చెప్పుకున్నారు. నేను నూటికి నూరుపాళ్లు ఒప్పుకుంటాను. నటుడు ఎందుకు వెళ్లాడన్నది వాళ్ల వాళ్ల గొడవ. ఆ ఖాళీని ఏం చేశారన్నదే మనం చూడాలి.

మన సీరియళ్లలో ఏం చేస్తారో తెలిసిందే. ఫొటోకి దండ వేస్తారు, ఇల్లంతా ఏడుస్తుంది, కొన్నాళ్లకి ప్లాస్టిక్ సర్జరీ చేయించుకున్న కొత్త మొహంతో అదే మనిషి గుమ్మంలో నిలబడతాడు. చావుకే విలువ లేనప్పుడు ఏడుపుకేం విలువ ఉంటుంది? కోర్టు సీను గురించి చెప్పక్కర్లేదు. జడ్జిగారు సుత్తి పట్టుకుని ఆర్డర్ ఆర్డర్ అని బాదుతుంటారు. నేను ప్రాక్టీసు మొదలుపెట్టినప్పట్నించీ ఏ బెంచి మీదా సుత్తి చూడలేదు. రాసేవాళ్లు ఒక్క పూట వచ్చి వెనక బెంచీలో కూర్చుంటే తెలిసిపోతుంది.

ఇక నాకెందుకు ఇంత పట్టుదలో చెప్తాను. నేను జూనియర్‌గా ఉన్నప్పుడు మా సీనియర్ గారు రోజూ చీకటిపడ్డాక ఫోన్ చేసి, మర్నాటి లిస్టులో ఏ కేసు కట్ట ఏ కోర్టుకి తేవాలో చెప్పేవారు. ఒక రోజు అంతకంటే చాలా ముందే, నేను బస్సులో నిలబడి ఉండగా చేశారు. సంచీలోంచి ఫోన్ తీసేలోపే ఆగిపోయింది. వెంటనే తిరిగి చేస్తే వేరే కాల్‌లో ఉన్నారని వచ్చింది. ఇంటికెళ్లి మళ్లీ చేశాను, ఎత్తలేదు. తెల్లవారుజామున గుమాస్తా ఫోన్ చేసి, “అమ్మా, అయ్యగారు లేరమ్మా” అన్నాడు. గుండెపోటు.

నేను వెళ్లేసరికి గేటు బయట ఒక పెద్దాయన నిలబడి ఉన్నాడు. చెప్పులు విడిచి పక్కన పెట్టాడు, చంకలో కాగితాల సంచీ. భాగపంపకాల దావాలో వాది. ఆ రోజే ఆయన్ని క్రాస్ ఎగ్జామిన్ చేయాల్సింది. తెల్లవారుజాము బస్సెక్కి నేరుగా ఇంటికే వచ్చేశాడు. నన్ను చూడగానే, “ఇయ్యాల నా వాయిదా ఏమవుద్దమ్మా?” అన్నాడు. లోపల్నుంచి వచ్చిన బంధువొకాయన ఇదేనా అడిగే సమయం అని కసిరాడు. పెద్దాయన తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని బావురుమన్నాడు. ఆయన కన్నీళ్లూ నిజమే, వాయిదా గురించిన బెంగా నిజమే. ఏళ్లుగా తన పొలం ఆ సీనియర్ గారి నోట్లో మాట మీదే ఆధారపడి ఉంది మరి.

పదిన్నరకి కోర్టులో బెంచి క్లర్కు మా నంబరు పిలిచాడు. లేచి, సీనియర్ గారు రాత్రి కాలం చేశారని చెప్పాను. జడ్జిగారు కలం కింద పెట్టారు. అందరూ లేచి మౌనం పాటించారు. బార్ తీర్మానం చేసింది, ఆ రోజుకి పనులన్నీ ఆగిపోయాయి. కానీ మర్నాటి లిస్టు మర్నాడు ఉండనే ఉంది. సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 3 రూల్ 4 ప్రకారం వకీలు చనిపోతే ఆయన వకాల్తా, అంటే క్లయింటు తన తరఫున వాదించమని రాసిచ్చిన కాగితం, అక్కడితో సరి. అంటే ప్రతి దావాలో కొత్త వకాల్తా వేయాలి. మామూలుగా పాత వకీలు అభ్యంతరం లేదని సంతకం చేసే చోట, ‘వకీలు మరణించారు’ అని ఒక్కో కాగితం మీదా నా చేత్తో రాశాను. కట్టల పైన వాయిదా తారీఖులు ఒక వరస దాకా ఆయన అక్షరాలు, ఆ కింది నుంచి నావి.

ఇప్పుడు ఆ పదహారో ఎపిసోడ్ చూడండి. అలీషియా ఫోన్‌లో విల్ వదిలిన సందేశం ఉంటుంది. ఆమె పేరు పిలిచి ఏదో చెప్పబోతాడు, ఇంతలో జడ్జి పిలిస్తే జవాబిచ్చి, మళ్లీ చేస్తానని పెట్టేస్తాడు. ఏం చెప్పబోయాడు? ఆమె అందరినీ అడుగుతుంది, ఆ కోర్టులో ప్రాసిక్యూటర్‌గా ఉన్న ఫిన్‌ని కూడా. ఒక్కొక్కరి మాట వింటున్నకొద్దీ ఆమె తలలో ఆ సందేశం ఒక్కో రకంగా పూర్తవుతూ ఉంటుంది. అభిమానులు ఇప్పటికీ దీని మీదే కొట్టుకుంటారు. ప్రేమ సంగతి చెప్పబోయాడని కొందరు, కాదు కేసు సంగతేనని కొందరు, క్షమాపణ అని ఇంకొందరు. ప్రేమే అయ్యుండాలని పట్టుబట్టేవాళ్లతో నాకు ఓపిక లేదు. అది తేలకపోవడమే అక్కడి కథ. తేల్చి ఉంటే నేను రెండోసారి చూసేదాన్ని కాదు. నాకొచ్చిన ఆ ఫోన్ కట్ట గురించే అయ్యుంటుందని మావాళ్లు అంటారు. మరి అంత ముందుగా ఎందుకు చేశారో వాళ్లు చెప్పలేరు, నేనూ చెప్పలేను.

అదే ఎపిసోడ్‌లో ఆఫీసు పని ఆగదు. విల్ సంస్థలో భాగస్వామి డయాన్ ఒక పక్క కుమిలిపోతూనే క్లయింట్లతో మాట్లాడాల్సి వస్తుంది. అదే సంస్థలో లాయరు, ఎప్పుడూ లెక్కల మనిషిలా కనిపించే డేవిడ్ లీ తలుపేసుకుని ఏడుస్తాడు. దాన్ని రాసినవాళ్లు అలాంటి ఒక పొద్దున్ని దగ్గర్నుంచి చూసినవాళ్లే అయ్యుండాలి, ఊహించి అంత కచ్చితంగా రాయలేరు.

‘ది గుడ్ వైఫ్’నే హిందీలో మళ్లీ తీస్తే కాజోల్‌తో 2023లో వచ్చిన ‘ద ట్రయల్’ చూసి దీన్ని అంచనా వేయకండి. మొదటి సీజన్ ఎనిమిదే ఎపిసోడ్లు. ఆ ఇద్దరి మధ్య ఏళ్లు గడిచినట్టు అనిపించడానికి అందులో చోటే లేదు.

మిగతాది చూడాలా అన్నారు కాబట్టి నా మాట ఇది. ఐదో సీజన్ ఆపకుండా పూర్తిచేయండి. ఆరులో అలీషియా కొత్త సంస్థలో భాగస్వామి కేరీ అరెస్టు, అలీషియా ఎన్నికల పోటీ బాగానే నడుస్తాయి. చివర్లో అలీషియా, ఆమె పాత స్నేహితురాలు, సంస్థ పరిశోధకురాలు కలిందా బార్‌లో కూర్చునే సీను మాత్రం ఆశపడి చూడొద్దు. ఇద్దర్నీ విడివిడిగా తీసి అతికించారని పత్రికలన్నీ రాశాయి, చూస్తుంటే తెలిసిపోతుంది కూడా. ఏడో సీజన్ నీరసం. అయినా చిట్టచివరి ఎపిసోడ్‌లో విల్ ఆమె ఊహలో మళ్లీ కనిపిస్తాడు, దానికోసమైనా చూడండి.