చైనాలో చిన్ వంశపు రెండో చక్రవర్తి చావు క్రీ.పూ. 207, చిన్ పతనం క్రీ.పూ. 206: ఏది సరైనది?

రెండూ సరైనవే. రెండో చక్రవర్తి చావుతోనే చిన్ ముగిసిందనుకుంటే ఈ తేదీలు పొసగనట్టు కనిపిస్తాయి; ఆ లెక్కలో అతని తర్వాత ఏలిన జియింగ్ జారిపోయాడు.

1. 207 ఎనిమిదో నెలలో మంత్రి జావో గావో కుట్రతో రెండో చక్రవర్తి ఆత్మహత్య చేసుకోవాల్సి వచ్చింది. సభలోకి జింకను తెచ్చి గుర్రమని చెప్పి, కాదన్నవాళ్లను శిక్షించిన మంత్రి ఇతనే.

2. తర్వాత గద్దెనెక్కిన జియింగ్‌ది 'చక్రవర్తి' బిరుదు కాదు, 'రాజు' మాత్రమే. జావో గావోను చంపించాడు. పాపం, ఏలింది 46 రోజులే.

3. చాలామంది మిస్ అయ్యేది ఇదే: చిన్ క్యాలెండర్‌లో కొత్త సంవత్సరం పదో నెలతోనే మొదలవుతుంది. జియింగ్ మెడకు తాడు కట్టుకుని, తెల్ల గుర్రం బండిలో వచ్చి, రాజముద్రను తిరుగుబాటు సేనాని ల్యూ బాంగ్‌కు అప్పగించింది ఆ నెలలోనే. అంటే రెండు నెలల తేడాకే ఏడాది మారిపోయింది.

నోట్స్‌లో రెండు తేదీలూ ఉంచి, రెండోదాని పక్కన జియింగ్ పేరు రాసుకోండి.