ఐష్ అల్ సరాయాలో బ్రెడ్ ముద్దయిపోకుండా, క్రీమ్ జారిపోకుండా

ఐష్ అల్ సరాయా (పాకంలో తడిపిన బ్రెడ్ మీద క్రీమ్ పరిచే అరబ్ స్వీటు) చేస్తే అడుగున బ్రెడ్ ముద్దయిపోతోంది, పైన క్రీమ్ నిలబడక జారిపోతోంది, ఏం చేయాలి అని అడిగారు కదండీ. కువైట్‌లో మా పక్క ఫ్లాట్ ఆవిడది లెబనాన్‌లోని ట్రిపోలీ (లిబియాలో ఉన్నది కాదు, ఇది స్వీట్లకి పేరుమోసిన ఊరు). రంజాన్ నెలలో ఇఫ్తార్ కోసం ఆవిడ చేస్తుంటే పక్కన నిలబడి నేర్చుకున్నాను, ఇప్పటికీ అలాగే చేస్తాను. మీ రెండు సమస్యలకీ కారణం ఒకటే, తడి.

మెత్తటి బ్రెడ్‌ని తెచ్చి నేరుగా పాకంలో వేస్తే ముద్దవక ఏమవుతుంది? 10-12 స్లైసులకి అంచులు తీసేసి, ఓవెన్‌లో 150 డిగ్రీల దగ్గర టక్కున విరిగేదాకా ఎండనివ్వండి. ఓవెన్ లేకపోతే పెనం మీద సన్న సెగన. డబల్ కా మీఠాకి చేసినట్టు నెయ్యిలో వేయించొద్దు, నెయ్యి వాసన ముందు పాకంలో కలిపే పూల నీళ్ళ వాసన నిలవదు.

ఇక పాకం, దీని ప్రాణమంతా ఇక్కడే ఉంది. చాలామంది తెల్ల పాకం పోసేస్తారు, అప్పుడు ఉత్త తీపి తప్ప ఏమీ తెలీదు. అరకప్పు చక్కెరని మందపాటి గిన్నెలో నీళ్ళు లేకుండా కరిగించి, తేనె రంగు దాటి ఎర్రబడ్డాక ఒక కప్పు వేడినీళ్ళు కొంచెం కొంచెంగా పోయండి. ఎగిరి చిందుతుంది, చెయ్యి దూరంగా పెట్టండి. అందులో ఇంకో కప్పు చక్కెర, చెంచా నిమ్మరసం వేసి, వేళ్ళకి జిగటగా తగిలితే దింపేయడమే, తీగపాకం రానివ్వకండి. స్టవ్ కట్టేశాకే చెంచా రోజ్ వాటర్, రెండు చెంచాల నారింజ పూల నీళ్ళు (గల్ఫ్ షాపుల్లో మజహర్ అంటే ఇస్తారు) కలపాలి, మరుగుతుండగా పోస్తే వాసనంతా ఆవిరైపోతుంది. అది దొరక్కపోతే రోజ్ వాటర్ ఒక్కటే చాలు, కేవ్రా (మొగలి పూల నీళ్ళు) మాత్రం వద్దు.

బ్రెడ్‌ని నలిపి 9 అంగుళాల గాజు డిష్‌లో పరిచి, పాకం ఒకేసారి కుమ్మరించకుండా గరిటెతో పోస్తూ, గరిటె వెనకవైపుతో అదమండి. ఆవిడ ప్రతిసారీ డిష్‌ని ఒక పక్కకి వంచి చూసేది: మూలకి పాకం చేరిందంటే ఎక్కువైనట్టు, ఇక ఆపేయాలి. మిగిలింది దాచుకుని తినేటప్పుడు పైన పోసుకోవచ్చు.

పైన వేసేది అష్తా, అంటే వెడల్పు పళ్ళాల్లో పాలు కాచి తీసిన మీగడ. ఇంట్లో అంత ఓపిక ఎవరికుంటుంది, 750 మి.లీ. చిక్కటి పాలు, 200 మి.లీ. క్రీమ్, 7-8 పెద్ద చెంచాల కార్న్‌ఫ్లోర్ చాలు. కార్న్‌ఫ్లోర్‌ని చల్లటి పాలలోనే కలిపి, చిక్కబడి బుడగలు వచ్చాక కూడా రెండు నిమిషాలు తిప్పుతూ ఉడికించండి. చిక్కబడగానే దింపేస్తే పిండి పూర్తిగా ఉడకదు, ఫ్రిజ్‌లో పెట్టాక నీరొదిలి జారిపోతుంది. మీకు జరుగుతున్నది అదే అనుకుంటా. ఇందులో చక్కెర అస్సలు వేయకండి, కింద తీపికి పైన చప్పదనం కావాలి.

ఈ క్రీమ్‌ని బ్రెడ్ మీద పరిచి రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచండి. పిస్తా పలుకులు మాత్రం వడ్డించే ముందే చల్లాలి, లేకపోతే మెత్తబడతాయి. రెండు మూడు రోజులు బాగుంటుంది, ఫ్రీజర్‌లో పెడితే క్రీమ్ విరిగిపోతుంది.