గేరు బాక్సు మార్చే ముందు క్లచ్ సంగతి

కడప

చిరంజీవి మేనల్లుడికి మామ ఆశీర్వదించి రాసేది. ఇక్కడ మేమంతా బాగున్నాం. మీ అత్తకు మోకాళ్ళ నొప్పి మామూలే.

మీ నాయన 1982లో కొన్న అంబాసిడర్‌కు స్టీరింగ్ పక్కనుండే హ్యాండ్ గేరు తీసేసి, ఇసుజు ఇంజనున్న అంబాసిడర్ ఐదు గేర్ల బాక్సు ఎక్కిస్తానన్నావు. 1990ల మొదట్లో 1800 సీసీ ఇసుజు ఇంజన్‌తో పాటు వచ్చిన ఫ్లోర్ గేరు బాక్సు అది, లివరు కిందుంటుంది, మంచిదే. చాలామంది ఇంజనూ బాక్సూ కలిపే మారుస్తారు, పని సులువు. నువ్వేమో నాయన ఇంజన్‌ను కదపనంటున్నావు. వద్దనను. కానీ ఫోన్ పెట్టేసే ముందు ఇంకో మాటన్నావు చూడు, "క్లచ్ పోయినేడే వేయించాం మామా, అదే వాడేద్దాం" అని. ఈ ఉత్తరం దానికోసమే.

ఆ ప్లేటు కొత్తదైనా నీకు పనికిరాదు. క్లచ్ ప్లేటు ఇద్దరి మాట వినాలి. బయటి చుట్టుకొలత ఫ్లైవీల్‌కు (ఇంజన్ వెనక తిరిగే బరువైన చక్రం), క్లచ్ ప్లేటును దానికి అదిమిపట్టే ప్రెజర్ ప్లేటుకు సరిపోవాలి. అది ఇంజన్ వైపు మాట. నడిమి రంధ్రంలోని పళ్ళు కొత్త బాక్సు షాఫ్టుకు సరిపోవాలి. అందుకని షాపుకెళ్ళి "అంబాసిడర్ క్లచ్ ఇవ్వండి" అని అడగొద్దు, ఏదో ఒక డబ్బా చేతిలో పెడతారు. వీలైతే బాక్సునే ఆటోలో వేసుకొని పో. పళ్ళు లెక్కపెట్టు, షాఫ్టు లావు కొలువు, ఆ తర్వాత ప్లేటును షాఫ్టు మీదికి చేత్తో తొడుగు. ముందుకూ వెనక్కూ నున్నగా జారాలి, పక్కకు తిప్పితే లొడలొడ ఆడకూడదు. అట్లాంటిది దొరక్కపోతే ఒక ప్లేటు హబ్బు, అంటే పళ్ళున్న నడిమి ముక్క, తీసి ఇంకోదానికి రివెట్లు కొట్టించే పనివాళ్ళున్నారు. పని తెలిసినవాడైతేనే చేయించు, చేశాక ప్లేటు మందం పాతదాంతో పోల్చి చూసుకో.

ఇంజన్‌కూ బాక్సుకూ మధ్య లేత్ మీద చేయించే అడాప్టర్ ప్లేటు దగ్గరే అసలు టెన్షన్. అది మందమెక్కువైతే షాఫ్టు ముక్కు, క్రాంకు (ఇంజన్ తిప్పే ఇరుసు) చివర దాన్ని పట్టుకునే పైలట్ బుష్ దాకా అందదు. తక్కువైతే ముక్కు పోయి క్రాంకుకు తగులుతుంది. బోల్టులు బిగిసినాయి కదా అని సంబరపడొద్దు. అడాప్టర్ ప్లేటు, క్లచ్‌ను కప్పే బెల్ హౌసింగ్ బిగించి, ఫ్లైవీల్‌కు డయల్ గేజ్ (సన్నటి తేడాను ముల్లుతో చూపే కొలత పరికరం) కట్టి, ఇంజన్‌ను చేత్తో తిప్పుతూ హౌసింగ్ నడిమి రంధ్రం చుట్టూ ముల్లు ఎంత కదులుతుందో చూడు. 0.1 మిల్లీమీటరు దగ్గరికి తెచ్చి, పక్కకు జరగనివ్వని డోవెల్ పిన్నులు వేయించు. బోల్టులు బిగించడానికే, సెంటర్ నిలబెట్టేది పిన్నులే. సెంటర్ తప్పితే క్లచ్ ప్లేటు హబ్బు పగులుతుంది, బాక్సు ముందు బేరింగ్ అరుస్తుంది, నువ్వేమో క్లచ్ కంపెనీని తిడుతుంటావు.

పైలట్ బుష్ గురించి నా సిగ్గుమాలిన కథ చెప్పాలి. చాలా ఏళ్ళ కిందట ఒక జీపుకు బాక్సు మారుస్తూ, పొద్దుపోయిందని పాత బుష్షే ఉంచేశాను. చిన్న ఇత్తడి ముక్క, చాయ్ ఖర్చు. నెల తిరక్కముందే క్లచ్ తొక్కినప్పుడల్లా కీచుమంటోందని బండి వెనక్కొచ్చింది. మళ్ళీ బాక్సు దించాను, కూలి లేకుండా. నువ్వు మాత్రం కొత్తది వెయ్యి. షాఫ్టు ముక్కు కొలతకు లేత్ పట్టించి, కంచు బుష్ అయితే రాత్రంతా ఇంజనాయిల్లో నానబెట్టు. పాతది రాకపోతే ఉలితో పొడవొద్దు. రంధ్రం నిండా గ్రీజు కూరి, సరిగ్గా పట్టే కడ్డీ పెట్టి సుత్తితో కొట్టు, గ్రీజే దాన్ని వెనకనుంచి బయటికి తోసేస్తుంది.

ఇంకో సంగతి. మీ 1489 సీసీ ఇంజన్‌కు క్రాంకు వెనక రబ్బరు సీల్ ఉండదు. క్రాంకు మీదుండే మర గాడి ఆయిల్‌ను లోపలికి తిప్పికొడుతుంది, అంతే. ఇంజన్ అరిగి లోపల గాలి ఒత్తిడి పెరిగినా, ఆ గాలి బయటికి పోయే బ్రీదర్ పూడుకున్నా ఆయిల్ క్లచ్ వైపే కారుతుంది. బాక్సు దించగానే హౌసింగ్ లోపల వేలితో తడిమి చూడు. తడి ఉంటే ముందు దాని సంగతి తేల్చు. నూనె తాగిన క్లచ్ ఎంత కొత్తదైనా జారుతుంది. మీ రాయచోటికొచ్చే గువ్వలచెరువు ఘాట్‌లో ఒకసారి నేను మాడిన క్లచ్ వాసన పీల్చుకుంటూ సగం దారిలో నిలబడిపోయాను. ఆ పూట పేరున్న గువ్వలచెరువు కోవా కూడా రుచించలేదు.

ఫ్లైవీల్ మీద నీలిరంగు మచ్చలు, గీతలు ఉంటే లేత్ పట్టించు. ప్రెజర్ ప్లేటు బిగించే అంచు మెట్టులా వేరే ఎత్తులో ఉంటే, అక్కడా అంతే మందం తీయమని చెప్పు, లేకపోతే స్ప్రింగు పట్టు తప్పుతుంది. పెడల్ తొక్కితే ప్రెజర్ ప్లేటును నొక్కేది రిలీజ్ బేరింగ్. పాత బాక్సుకు అది కార్బన్‌ది ఉంటుంది, ఇసుజుది తిరిగే బేరింగ్. కొత్త బాక్సు బేరింగూ, దాన్ని తోసే ఫోర్కూ కలిపే తీసుకో, పాతది కలపబోకు. పెడల్ పూర్తిగా తొక్కితే ఫోర్కును తోసే స్లేవ్ సిలిండర్ రాడ్డు ఎంత కదులుతుందో, కొత్త ఫోర్కుకు ఎంత కావాలో కొలిచాకే సిలిండర్లు కొను.

బిగించేటప్పుడు ప్లేటు తిరగేయొద్దు. స్ప్రింగులున్న ఉబ్బు మామూలుగా బాక్సు వైపుండాలి. "ఫ్లైవీల్ సైడ్" అని రాసుంటే అదే నిజం. జిడ్డు చేత్తో ముట్టుకోవద్దు. సెంటర్ చూడ్డానికి అదే కొలతల పాత షాఫ్టు దొరికితే దాన్నే దూర్చు, లేదంటే చెక్కది లేత్ మీద తిప్పించు. బోల్టులు ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించు. బాక్సును పైకెత్తి దూర్చేటప్పుడు దాని బరువు షాఫ్టు మీద వేలాడనివ్వకు, ప్లేటు వంగిపోతుంది. ఇద్దరు పట్టుకోండి, ఒకడు కింద జాకీ చూసుకోవాలి. స్టాండ్లు మట్టిలో పెట్టొద్దు. మన కడప బండ పరుస్తానంటావేమో, పలచటి బండ పగులుతుంది, పైన చెక్క వెయ్యి.

బాక్సు నుంచి వెనక చక్రాల వైపు పోయే జాయింట్ రాడ్డు పొడవు మారుతుంది. కోయించాక బ్యాలెన్స్ కూడా చేయించు. ఇంజన్ నంబరు మారడం లేదు కాబట్టి ఆర్సీలో ఆ తలనొప్పి లేదు.

అయ్యాక ఐడ్లింగ్‌లో క్లచ్ తొక్కి ఐదు అంకెలు లెక్కపెట్టి రివర్స్ వెయ్యి. కర్రుమంటే క్లచ్ పూర్తిగా వదలడం లేదు, రోడ్డెక్కకు. నిశ్శబ్దంగా పడితే 500 కిలోమీటర్లు రాయచోటి చుట్టుపక్కలే మెల్లగా తిప్పు. ఆ తర్వాత ఘాట్ దిగి ఇక్కడికి రా. వెనక్కి ఎక్కేటప్పుడు పక్క సీట్లో నేను కూర్చుంటా. విప్పిన పాత ప్లేటు డిక్కీలో వేసుకొనిరా. అరిగిన తీరు చూస్తే ఇన్నాళ్ళూ ఎవరు పెడల్ మీద కాలు పెట్టి నడిపారో చెప్తాను. మీ నాయనకు మాత్రం చెప్పకు.

ఇట్లు,
మీ మామ